మందు మొద్దుబారునా?

మధుమేహమునకు చాలకాలముగా మందు వాడుచున్న పెద్దలు తరచుగా ఒక మాట యనుచుందురు: "ఈ బిళ్ళ నా ఒంటికి అలవాటుపడిపోయినది. మొదట ఒక్కటి వేసికొన్న చాలెడిది. ఇప్పుడు రెండు వేసికొన్నను చక్కెర దిగుట లేదు." ఈ మాట విన్నవారు నిజమేయని తల యూపుదురు. కొందరు అంతటితో ఆగక, "అట్లయినచో కొన్నాళ్ళు మందు మానివేయుము. ఒళ్ళు దానిని మరచిన పిమ్మట మరల మొదలిడుము. అప్పుడు చక్కగా పట్టును" అని ఉపాయము కూడ చెప్పుదురు.

వినుటకు ఈ ఉపాయము యుక్తియుక్తముగనే తోచును. కాని దానిని నమ్మి మందు మానినవారికి కీడే మూడును. కావున, విద్యార్థులారా, ఆ మాటలో సత్యమెంత, భ్రమ యెంత అని మనము కొంచెము విచారింతము. ఇది మనకు దూరపు విషయము కాదు. భారత వైద్య పరిశోధనా మండలివారి అండతో జరిగి 2023లో ప్రకటింపబడిన అధ్యయనము ప్రకారము మన దేశమున సుమారు 10 కోట్ల మందికి ఈ వ్యాధి కలదు. మీ తాతగారో, నాయనమ్మగారో, పొరుగింటి మామగారో వారిలో ఒకరై యుండవచ్చును.

ముందుగా, శరీరము మందునకు అలవాటుపడుట యనగా నేమో తెలిసికొందము. వైద్యశాస్త్రమున దీనిని ఔషధ సహనమందురు. దీనికి ఒక చక్కని దృష్టాంతము కలదు. పూర్వము డైనమైటు తయారగు కర్మాగారములలో పనివారు నైట్రోగ్లిసరిను అను ద్రవ్యపు ఆవిరిని పీల్చుచుండెడివారు. అది రక్తనాళములను వ్యాకోచింపజేయును. అందుచే సోమవారమునాడు పనిలోనికి వచ్చిన వారికి విపరీతమైన తలనొప్పి వచ్చెడిది. ఒకటి రెండు దినములు గడచునప్పటికి ఆ ఆవిరి నట్లే పీల్చుచున్నను నొప్పి తగ్గెడిది. వారాంతమున సెలవు దొరకి, మరల సోమవారము రాగా తలనొప్పియు మరల వచ్చెడిది.

ఈ దృష్టాంతమున రెండు లక్షణములను గుర్తింపుడు. ఒకటి: మందు తాకు అవయవము చెడలేదు. రక్తనాళములు మునుపటివలెనే యున్నవి, కాని మందునకు బదులు పలుకుట తగ్గినది. రెండు: కొన్ని దినములు విరామ మిచ్చిన వెంటనే ఆ స్పందన తిరిగి వచ్చినది. ఈ రెండు లక్షణములు ఉన్నచోట దానిని నిజమైన సహన మనవచ్చును. మధుమేహపు మందులలో ఇవి కనబడుచున్నవా? అదియే మన ప్రశ్న.

దీనికి సమాధానము కావలెనన్న చక్కెర సంగతి కొంత తెలియవలెను. ఆరోగ్యవంతుడైన పెద్దవాని శరీరమున సుమారు 5 లీటర్ల రక్త ముండును. ఆహారము తీసికొనక ముందు అందులో ప్రతి 100 మిల్లీలీటర్లకు 70 నుండి 100 మిల్లీగ్రాముల చక్కెర యుండును. లెక్కవేసి చూచినచో మొత్తము రక్తములో ఉన్నది ఒక చిన్న చెంచాడు మాత్రమే! మనము పండుగనాడు బూరెలు తినినను, ఏకాదశినాడు ఉపవాసమున్నను ఈ చెంచాడు పెద్దగా మారకుండ కాపాడునది ఇన్సులిను అను రసము. కడుపు వెనుకనుండు క్లోమము అను గ్రంథిలో చిన్న చిన్న ద్వీపములవంటి కణసమూహములు కలవు. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అను జర్మను విద్యార్థి వీనిని మొదట వర్ణించెను. ఆ ద్వీపములలోని బీటాకణములే ఇన్సులినును పుట్టించును. ఇన్సులిను రక్తములోని చక్కెరను కండరములలోనికి చేర్చును. కాలేయము అనవసరముగా చక్కెరను విడువకుండ అదుపుచేయును.

పెద్దవారిలో సాధారణముగా కనబడు మధుమేహమున రెండు లోపములు కలసి యుండును. కండరములు, కాలేయము ఇన్సులిను మాటను సరిగా వినకపోవుట మొదటిది. అందుచే ఎక్కువ ఇన్సులిను పుట్టింపవలసిన బీటాకణములు క్రమముగా అలసి నశించుట రెండవది. పిన్నలకు ఎక్కువగా వచ్చు మరియొక రకమున బీటాకణములు దాదాపు పూర్తిగా నశించును. వారికి మొదటినుండియు ఇన్సులినే ఆధారము. మనము విచారించునది పెద్దవారి వ్యాధిని గూర్చి.

ఇక మందుల కథకు వత్తము. 1942లో ఫ్రాన్సు దేశమందలి మోంపెల్యే నగరమున మార్సెల్ జాన్‌బోన్ అను వైద్యుడు టైఫాయిడు రోగులకు సల్ఫా జాతికి చెందిన ఒక క్రొత్త మందు నిచ్చి పరీక్షించుచుండెను. రోగులలో కొందరికి మూర్ఛలు వచ్చెను. కొందరు స్మృతి తప్పిరి. పరీక్షింపగా వారి రక్తములో చక్కెర మిక్కిలి తగ్గియున్నట్లు తేలెను. జ్వరమునకు ఇచ్చిన మందు చక్కెరను దింపుచున్నది! ఆ నగరముననే యున్న ఓగుస్త్ లూబత్యేర్ అను శాస్త్రజ్ఞుడు దీని కారణమును వెదకెను. ఆయన కుక్కలకు ఆ మందిచ్చి చూడగా చక్కెర తగ్గినది. కాని క్లోమమును తొలగించిన కుక్కకు ఇచ్చినప్పుడు మందు పనిచేయలేదు. దీనివలన ఒక గొప్ప సత్యము తెలిసినది. ఆ మందు తానుగా చక్కెరను కరిగించునది కాదు. క్లోమముచేత ఇన్సులినును విడుదల చేయించునది. చేయుటకు క్లోమమే లేనిచో చేయించువాడేమి చేయగలడు?

ఈ పరిశోధననుండియే సల్ఫోనైల్‌యూరియా అను మందుల కుటుంబము పుట్టినది. 1956లో టాల్‌బ్యుటమైడు వాడుకలోనికి వచ్చినది. నేడు మన మందుల దుకాణములలో దొరకు గ్లిమిపిరైడు, గ్లిక్లజైడు ఆ కుటుంబమునకు చెందినవే. ఇవి పనిచేయు తీరు కూడ పిమ్మట బయటపడినది. బీటాకణపు పొరపై పొటాసియము బయటికి పోవుటకు చిన్న ద్వారములు గలవు. భోజనానంతరము చక్కెర కణములోనికి ప్రవేశించి శక్తిగా మారగా ఈ ద్వారములు మూసికొనును. అవి మూసికొనగా వేరొక ద్వారము తెరచుకొని కాల్షియము లోనికి వచ్చును. అంతట కణములో నిలువయున్న ఇన్సులిను రక్తములోనికి విడుదలయగును. సల్ఫోనైల్‌యూరియా నేరుగా ఆ పొటాసియము ద్వారమును మూయును. అనగా చక్కెర వచ్చి తట్టవలసిన తలుపును మందు వచ్చి తట్టుచున్నదన్నమాట.

ఇప్పుడొక పోలిక చెప్పెదను. ఒక రైతు బావికి ఏతము కట్టి పొలము తడుపుచున్నాడనుకొనుడు. మొదటి యేట గంటసేపు తోడిన మడి నిండినది. నాలుగేండ్లకు రెండు గంటలు తోడవలసి వచ్చెను. ఎనిమిదవ యేట ఎంత తోడినను మడి నిండలేదు. రైతు ఏతమును నిందించి, "ఇది బావికి అలవాటుపడినది, నెలదినములు తోడకుండ నుంచిన బాగుపడును" అనినచో మనము నవ్వుదుము. ఏతము మునుపటివలెనే యున్నది. తగ్గినది బావిలోని ఊట. ఏతము మానినంత మాత్రమున ఊట పెరుగదు సరికదా, ఆ నెలదినములలో పైరు ఎండును.

పోలిక ఎంత అందముగా నున్నను ప్రమాణము కాజాలదు. ప్రమాణము కావలెనన్న పరీక్ష కావలెను. అట్టి పరీక్ష యొకటి ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు వైద్యుల నాయకత్వమున జరిగినది. 1977లో ప్రారంభమైన ఆ పరిశోధనలో 23 వైద్యకేంద్రములనుండి, వ్యాధి క్రొత్తగా బయటపడిన 5,102 మంది పాల్గొనిరి. ఫలితములు 1998లో ప్రకటింపబడినవి. వారిలో కొందరికి ఆహార నియమము మాత్రమే విధించిరి. కొందరికి సల్ఫోనైల్‌యూరియా, కొందరికి ఇన్సులిను, కొందరికి మెట్‌ఫార్మిన్ అను మరియొక మందు ఇచ్చిరి.

ఆరోగ్యవంతుని బీటాకణముల శక్తిని 100గా లెక్కించినచో, వ్యాధి బయటపడునాటికే ఆ రోగుల శక్తి సుమారు సగమునకు పడిపోయి యుండెను. సల్ఫోనైల్‌యూరియా వాడినవారికి అది 46 నుండి మొదటి యేట 78కి పెరిగి, ఆరవ యేటికి 52కి దిగినది. దీనిని మాత్రమే చూచినవాడు "చూచితిరా, మందునకు ఒళ్ళు అలవాటుపడినది" అనును. కాని ఏ మందును వాడక ఆహార నియమముతో మాత్రమే యున్నవారిని చూడుడు. వారి శక్తి 51 నుండి ఆరేండ్లలో 28కి పడిపోయినది! మందే తాకని శరీరము ఏ మందునకు అలవాటుపడినది? కావున తగ్గినది మందు వాడి కాదు, బావి ఊట. మందు వాడినవారు ఆరేండ్ల పిమ్మట కూడ వాడనివారికంటె మెరుగుగా నుండిరనుటయు ఇందు గమనింపవలసిన సంగతి.

వేరొక వైపునుండి కూడ ఈ సత్యమును పరీక్షింపవచ్చును. మెట్‌ఫార్మిన్ బీటాకణములను ప్రేరేపించునది కాదు. ఐరోపాలో గెలీగా అను పూలమొక్కను పూర్వులు మందుగా వాడెడివారు. ఆ మొక్కలోని పదార్థములపై జరిగిన పరిశోధనల ఫలముగా పుట్టిన ఈ మందును 1957లో ఝాఁ స్తెర్న్ అను ఫ్రెంచి వైద్యుడు మధుమేహమునకు ప్రవేశపెట్టెను. ఇది ముఖ్యముగా కాలేయము విడుచు చక్కెరను తగ్గించును. బీటాకణములు మందు ప్రేరేపణకు విసిగినందుచేతనే చక్కెర పెరుగుచున్నచో, మెట్‌ఫార్మిన్ వాడువారికి ఆ బాధ రాకూడదు. కాని 2006లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశోధనలో, ఐదేండ్లు గడచునప్పటికి ఆ ఒక్క మందు చాలనివారు నూటికి 21 మంది యుండిరి. సల్ఫోనైల్‌యూరియాలలో నొకటియైన గ్లిబెన్‌క్లమైడు వాడినవారిలో నూటికి 34 మంది యుండిరి. మందునుబట్టి వేగములో భేద మున్నది. కాని వ్యాధి ముందునకు సాగుట అన్నింటను ఉన్నది.

అయినచో నిజమైన సహనము అసలే లేదా? కొంత కలదు, దానిని దాచుట న్యాయము కాదు. బీటాకణములను సల్ఫోనైల్‌యూరియాలో ఎడతెగక ఉంచినచో అవి ఆ మందునకు పలుకుట కొంత తగ్గుననియు, మందు తొలగించిన పిమ్మట తిరిగి కోలుకొనుననియు ప్రయోగశాలలలో కనుగొనిరి. పూర్వము పశువులనుండియు పందులనుండియు తీసిన ఇన్సులినును వాడుదినములలో, కొందరి రక్తమున దానిని పట్టి బంధించు ప్రతిరక్షకములు పుట్టెడివి. అట్టివారిలో కొందరికి మోతాదు ఎంతో పెంచవలసి వచ్చెడిది. మానవ ఇన్సులినును ప్రయోగశాలలో తయారుచేయు విధానము వచ్చి, 1982లో అది అంగళ్ళకు చేరిన పిమ్మట ఈ చిక్కు మిక్కిలి తగ్గినది. ఈ కాలపు ఇంజెక్షను మందులలో కొన్ని, కడుపులోని ఆహారము క్రిందికి దిగుటను మందగింపజేయును. ఆ ఒక్క ఫలము కొన్ని వారములలో తగ్గిపోవును. చక్కెరను దింపు గుణము మాత్రము నిలిచియుండును. ఇట్టివి నిజమైన సహనమునకు ఉదాహరణలు. కాని ఏండ్ల తరబడి మందు చాలకపోవుటకు ముఖ్యకారణము ఇవి కావు.

మరికొన్ని కారణములు కూడ సహనమువలె వేషము వేయును. బిళ్ళ వేసికొనుట నడుమనడుమ మరచుట యొకటి. ఒళ్ళు బరువెక్కుట, నడక మానుట మరియొకటి. జ్వరము, పుండు, పంటి చీము మొదలగునవి చక్కెరను పెంచును. ఉబ్బసమునకో కీళ్ళనొప్పులకో ఇచ్చు స్టీరాయిడు మందులును అట్టివే. అన్నిటికంటె విచిత్రమైనది, చక్కెర తానే తన శత్రువును బలహీనపరచుట. చాలదినములు చక్కెర మిక్కిలి ఎక్కువగా ఉన్నచో బీటాకణములు మందకొడిగా నగును. అట్టి సమయమున కొన్ని వారములు ఇన్సులిను ఇచ్చి చక్కెరను దింపినచో, అంతవరకు పనిచేయదనుకొన్న పాత బిళ్ళ మరల పనిచేయుటయు కలదు. చూచితిరా! మందునకు విరామమిచ్చుట వలన కాదు, బీటాకణములకు విశ్రాంతి యిచ్చుట వలన మేలు కలిగినది. మందు మానినచో చక్కెర పెరిగి ఆ కణములకు మరింత శ్రమ కలుగును. మనము మొదట చెప్పుకొన్న ఉపాయము ఎట్లు తలక్రిందులైనదో ఇప్పుడు తెలిసినది గదా!

ఊట తగ్గుట అనివార్యమని నిరాశ చెందనక్కరలేదు. వ్యాధి వచ్చి ఆరేండ్లు దాటని, స్థూలకాయులైన రోగులకు బ్రిటనులో వైద్యుల పర్యవేక్షణమున ఆహారమును మిక్కిలి తగ్గించి బరువు దింపిరి. 2017లో వెలువడిన ఆ ఫలితముల ప్రకారము, సంవత్సరము గడచునప్పటికి వారిలో నూటికి 46 మందికి ఏ మందును లేకయే చక్కెర అదుపులోనికి వచ్చినది. ఇంగ్లండు పరిశోధనలో కూడ చక్కెరను గట్టిగా అదుపుచేసినవారికి కన్నులు, మూత్రపిండములు మొదలగువాని చిన్న రక్తనాళముల జబ్బులు నూటికి 25 వంతులు తగ్గినవి.

ఇక శరీరము నిజముగా అలవాటుపడునట్టి, అపాయకరమైన సంగతి యొకటి చెప్పవలసి యున్నది. ఇన్సులినుగాని సల్ఫోనైల్‌యూరియాగాని వాడువారు వేళకు భోజనము చేయనిచో చక్కెర 70కి దిగువకు పడిపోవచ్చును. అప్పుడు చెమట పట్టుట, చేతులు వణకుట, గుండె దడదడలాడుట, ఆకలి మొదలగు గుర్తులు కనబడును. ఇవి శరీరము మ్రోగించు గంటలు. చక్కెర ఇట్లు మాటిమాటికి పడిపోవుచున్నచో ఆ గంటలు మెల్లగా మ్రోగుట మానును. అప్పుడు రోగి చెమట పట్టకయే తికమకగా మాటలాడి, తటాలున స్మృతి తప్పవచ్చును. చక్కెర అంతగా పడిపోకుండ కొన్ని వారములు జాగ్రత్తపడినచో, పోయిన గంటలు చాలమందికి తిరిగి మ్రోగును. విరామముతో కోలుకొను లక్షణము ఇచ్చట నున్నది గదా! ఒళ్ళు ముఖ్యముగా అలవాటుపడునది మందునకు కాదు. మందు తెచ్చు అపాయమునకు.

అటువలెనే హెచ్చు చక్కెరకును రోగి అలవాటుపడును. 250 ఉన్నను "నాకేమియు లేదు, హాయిగా నున్నాను" అనును. హాయి ఒకటి, ఆరోగ్య మొకటి. అందుచేతనే ఒంటి తీరునుబట్టి కాక రక్తపరీక్షనుబట్టి మందు నిర్ణయింపవలెను. గడచిన రెండు మూడు నెలల సగటును తెలుపు పరీక్ష యొకటి కలదు. దానినే జనులు "మూడు నెలల పరీక్ష" యందురు.

"చివరకు ఇన్సులిను సూది వరకు వచ్చినది, ఇక నా పని అయిపోయినది" అని క్రుంగిపోవు పెద్దలు కలరు. వారికి చరిత్ర తెలియజెప్పవలెను. 1922 జనవరిలో కెనడా దేశమందలి టొరాంటో నగరమున లియోనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలుడు చావునకు దగ్గరై యుండెను. బాంటింగ్, బెస్ట్ అనువారు తీసిన రసము మొదట ఫలింపలేదు. కోలిప్ దానిని శుద్ధిచేసి యివ్వగా బాలుడు కోలుకొని మరి పదమూడేండ్లు బ్రదికెను. ఇన్సులిను చావునకు ముందు మెట్టు కాదు. చావు వాకిటనుండి మనుష్యుని వెనుకకు పిలిచిన మందు. బావిలో ఊట తగ్గినప్పుడు కాలువ నీరు తెచ్చి పారించు రైతును ఓడినవాడని ఎవరైన అందురా?

విద్యార్థులారా! ఈ విషయమున మీరు చేయగల సహాయము చిన్నది కాదు. "బిళ్ళ మొద్దుబారినది, మానివేసెదను" అని తాతగా రనినచో, "తాతగారూ, బిళ్ళ మొద్దుబారలేదు. వైద్యుని అడిగి వారు చెప్పినట్లు మార్చుకొందము. మీ అంతట మానవద్దు" అని చెప్పుడు. ఆయన వేళకు తినక, చెమటలు పట్టి, మాట తడబడుచున్నచో మూడు చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగింపుడు. పావుగంటకు తేరుకొననిచో మరల ఇచ్చి పెద్దలను పిలువుడు. స్మృతి తప్పినవారి నోటిలో మాత్రము ఏమియు పోయరాదు; వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. సాయంకాలము ఆయనతో కలసి అరగంట నడచుట మరువకుడు.